ఫైర్ డ్యూటీకి సొంత టూల్ బ్యాగు: ఏది జేబులో, ఏది సంచిలో?

కొత్తబూట్లు:
నమస్కారం అందరికీ. ట్రైనింగ్ అయింది, వచ్చే నెల నుంచి విశాఖలో స్టేషన్ డ్యూటీ. బండి మీద ఏముంటాయో తెలుసు: గొడ్డలి, గునపం, సీలింగ్ హుక్, బోల్ట్ కట్టర్, పెద్ద తాళ్ళు. నేనడిగేది మన డబ్బుతో కొనుక్కుని, మన పేరు రాసి పెట్టుకునే వాటి గురించి. ఆన్‌లైన్‌లో 'రెస్క్యూ కిట్' అని ముప్పై నలభై వస్తువులు కలిపి అమ్ముతున్నారు. అది తీసుకోవచ్చా, విడివిడిగా కొనాలా? కోటు జేబులో ఏముండాలి, సంచిలో ఏముండాలి? బెల్టుకి పౌచ్ తగిలించుకోవచ్చా? అపార్ట్‌మెంట్లు, హార్బర్, గాజువాక వైపు ఫ్యాక్టరీలు అన్నీ ఉన్న ఊరు కాబట్టి ఇక్కడి పనికి తగ్గట్టు చెప్పండి.

నంబర్ 2:
కిట్ కొనొద్దు తమ్ముడూ. అందులో సగం వస్తువులకి నీకు పని పడదు, మిగతా సగం గ్లౌజు చేతికి లొంగవు.

ఏది కొన్నా ముందు ఈ పరీక్ష పెట్టు. ఫైర్ గ్లౌజులు తొడుక్కో, కళ్ళు మూసుకో, మోకాళ్ళ మీద కూర్చో. వస్తువుని జేబులోంచి తీసి, ఒంటిచేత్తో వాడి, మళ్ళీ అదే జేబులో పెట్టగలిగితే అది ఒంటి మీద ఉండాల్సింది. లేకపోతే అది సంచి సామాను, సంచి బండిలో నీ సీటు దగ్గర ఉంటుంది. మల్టీటూల్ ఎంత ఖరీదుదైనా ఈ పరీక్షలో తప్పుతుంది. గోరు పెట్టి తియ్యాల్సిన బ్లేడు గ్లౌజుతో రాదు. అది సంచిలో ఉంచుకో, బయట పనికి బాగానే ఉంటుంది.

ఒంటి మీదకి నా లెక్కలో ఐదే: టార్చి, కట్టర్, రెండు చెక్క వెడ్జ్‌లు (ఏటవాలుగా కోసిన ముక్కలు), వెబ్బింగ్ లూపు (నైలాన్ పట్టీతో చేసింది), సీటుబెల్టు కోసే కత్తి. అన్నీ కలిపి కిలోన్నర దాటకూడదు. కోటు, బూట్లు, హెల్మెట్, బీఏ సెట్ (వీపున మోసే గాలి సిలిండర్, మాస్క్) కలిస్తే ఇప్పటికే 20 కిలోలు దాటిపోతాయి. ఆపైన వేసే ప్రతి వంద గ్రాములూ మూడో అంతస్తు మెట్ల దగ్గర తెలుస్తాయి.

టార్చి తల అడ్డంగా ఒంగి ఉండే రకం తీసుకో. ఛాతీ మీద క్లిప్‌కి పెడితే వెలుగు నేరుగా ముందుకి పడుతుంది. హెల్మెట్ మీది లైటు పొగలో దండగ. కంటి ఎత్తులో పొగకి తగిలి వెలుగంతా వెనక్కి కొడుతుంది, తెల్లటి గోడ తప్ప ఏమీ కనబడదు. కింద, పొగ పల్చగా ఉన్నచోట వెలుగు పడాలి. జూమ్ అయ్యే చవక టార్చిలు ఒకసారి హోస్ నీళ్ళు తగిలాయంటే స్విచ్‌లో తడి చేరి ఆగిపోతాయి. మూత విప్పి చూడు, రబ్బరు ఓ-రింగు లేకపోతే అక్కడే వదిలెయ్. ఇంకోటి. గ్యాసు, పెట్రోలు ఆవిరి ఉండేచోట వాడేదానికి ఆ పనికి సరిపడే సర్టిఫికెట్ ఉండాలి. మన దేశంలో దానికి పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ) ఆమోదం చూస్తారు. 1997 సెప్టెంబరు 14న రిఫైనరీలో ఎల్పీజీ పేలుడు చూసిన ఊరికి ఎందుకో చెప్పక్కర్లేదు.

కట్టర్ ఎందుకు? ఫాల్స్ సీలింగ్ కోసం. జిప్సమ్ బోర్డు తడిసి, వేడెక్కి కూలినప్పుడు దాని జీఐ తీగలు, కేబుళ్ళు, ఏసీ ఫ్లెక్సిబుల్ డక్టులోని స్ప్రింగు తీగ అన్నీ కలిసి వీపు మీది గాలి సిలిండర్‌కి, భుజం పట్టీకి చుట్టుకుంటాయి. లాగితే ఇంకా బిగుస్తాయి. అప్పుడు ఆగి, కాస్త వెనక్కి జరిగి, తీగ వదులు చేసుకుని కొయ్యాలి. 8 అంగుళాల కటింగ్ ప్లేయర్ మామూలు తీగకి చాలు, స్ప్రింగు తీగ దగ్గర మాత్రం పళ్ళు ఒత్తుకుపోతాయి. కాబట్టి గట్టి ఉక్కు తీగ కోస్తుందని రాసి ఉన్న సైడ్ కట్టర్ తీసుకుని, కొన్నరోజే ఓ పాత సైకిల్ స్పోక్ మీద ప్రయత్నించు. కుదిరితే రెండు కొని ఎడమ జేబులో ఒకటి, కుడి జేబులో ఒకటి పెట్టుకో. ఒక చెయ్యి ఇరుక్కుంటే రెండో చేతికి అందాలి కదా.

వెడ్జ్ 15 సెంటీమీటర్ల పొడవు, 4 వెడల్పు, లావు వైపు 4 ఎత్తు. తలుపు కింద పెట్టడం అందరికీ తెలుసు, కానీ మన అపార్ట్‌మెంట్లలో వెట్రిఫైడ్ టైల్స్. అవి తడిస్తే చెక్క జారిపోయి డోర్ క్లోజర్ ఉన్న తలుపు మూసుకుంటుంది. హోస్ తలుపు కింద నలిగి నీళ్ళు ఆగిపోతాయి. అందుకే బందు వైపు, తలుపుకీ ద్వారబంధానికీ మధ్య సందులో, పై బందుకి కాస్త కింద గుచ్చి పెట్టు. జారదు, వెనక వచ్చేవాళ్ళ కాలు తగిలి ఊడిపోదు. రెండు వెడ్జ్‌లకి ఇంకో పని ఉంది. మాల్‌లోనో హోటల్లోనో మంట ఆరిపోయాక ఒక్క స్ప్రింక్లర్ కారుతుంటే, దాని రెండు చేతుల మధ్య ఎదురెదురుగా రెండింటినీ దూర్చి బిగిస్తే నీళ్ళు ఆగుతాయి. అయితే ఆఫీసర్ చెప్పాకే. మంట ఆరకముందు స్ప్రింక్లర్ జోలికి వెళ్ళకూడదు.

వెబ్బింగ్ 25 మి.మీ. వెడల్పు గొట్టం రకం నైలాన్, 6 మీటర్లు. రెండు కొసలు టేప్ నాట్‌తో కలిపి, ముడి దాటి 8 సెంటీమీటర్లు తోకలు వదలాలి. ఆ ముడి వాడకంలో తనంతట తాను వదులవుతుంది, తోకలు పొట్టిగా ఉంటే విడిపోతుంది. పడిపోయిన మనిషి చంకల కింద నుంచి చుట్టి ఈడవడానికి ఇంతకు మించింది లేదు. జేబులో చుట్ట చుట్టి పెట్టొద్దు, లాగినప్పుడు చిక్కుపడుతుంది. మడతలు మడతలుగా కూరి, ఒక కొస మాత్రం పైకి ఉంచు.

బెల్టు పౌచ్ వద్దు. బయటకి వేలాడేది ఏదైనా కిటికీ గ్రిల్‌కో ఛానెల్ గేటుకో తగులుకుంటుంది.

లైను పక్కింటోడు:
కరెంటు సంగతి నేను చెప్తాను. కొత్తవాళ్ళు తప్పుగా కొనేది ఇక్కడే.

కటింగ్ ప్లేయర్ పిడికి రంగు ప్లాస్టిక్ తొడుగు ఉన్నంత మాత్రాన ఇన్సులేటెడ్ కాదు. పిడి మీద 1000 వోల్టులని, పక్కన రెండు త్రిభుజాల గుర్తు అచ్చయి ఉండాలి. ఆ గుర్తు ఉన్నా తొడుగు చిట్లితే, మసి పట్టి తడిస్తే దాని మీద నమ్మకం పెట్టుకోకూడదు. నిజానికి మన పని కరెంటు తీగ కొయ్యడం కాదు, కరెంటు పోయిందని నిర్ధారించుకోవడం. వీధిలో తెగిపడిన తీగైతే మనుషుల్ని దూరం జరిపి 1912కి, అంటే కరెంటు సంస్థ ఈపీడీసీఎల్‌కి చెప్పి సప్లై ఆపించాలి. ఏ పరికరంతోనూ ముట్టుకోకూడదు.

తీగ తాకకుండా చూపించే పెన్ను టెస్టర్ ఒకటి సంచిలో ఉంచుకో. వాడే ముందు కరెంటు ఉందని తెలిసినచోట పెట్టి మోగుతోందా చూడు, పని చూసుకుని మళ్ళీ అక్కడే చూడు. మధ్యలో బ్యాటరీ చచ్చిందో లేదో అలాగే తెలుస్తుంది. దానికి రెండు గుడ్డితనాలున్నాయి. లోహపు గొట్టంలో ఉన్న తీగ దానికి కనబడదు, డీసీ అసలే కనబడదు.

ఇక ఇన్వర్టర్. మెయిన్ ఆపేశాం కదా అనుకుంటారు. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో మెయిన్ ఆపగానే అది తన పని మొదలుపెట్టి ఫ్యాన్లు, లైట్ల లైన్లలోకి మళ్ళీ 230 వోల్టులు పంపుతుంది. ఇన్వర్టర్ ఎక్కడుందో ఇంటివాళ్ళని అడిగి, దాని స్విచ్ కూడా ఆపాలి. మేడ మీద సోలార్ ఉంటే, పగటిపూట ప్యానెళ్ళ నుంచి కిందికి దిగే డీసీ తీగలో మెయిన్ ఆపినా కరెంటు ఉంటుంది. పెన్ను టెస్టర్ దాన్ని పట్టుకోదు.

ఇంకొకటి మన ఊరి సంగతి. 2014 హుద్‌హుద్ తర్వాత సిటీలో చాలాచోట్ల కరెంటు తీగలు భూమిలోకి వెళ్ళాయి. పైన తీగ లేదు కదా అని ఫుట్‌పాత్ మీద గునపం దించకండి.

గ్యాసు విషయానికి సంచిలో 14.2 కిలోల ఇంటి సిలిండర్‌కి పట్టే సేఫ్టీ క్యాపులు రెండు పెట్టుకో. అదే, సిలిండర్‌కి దారంతో కట్టి ఉండే ప్లాస్టిక్ మూత. చాలా ఇళ్ళల్లో అది మొదటి నెలలోనే పోతుంది. లీకు రెగ్యులేటర్ దగ్గరైతే నాబ్ ఆపి, రెగ్యులేటర్ కింది రింగు పైకెత్తి తీసేసి, క్యాప్ టక్కుమనేదాకా నొక్కితే వాల్వు లీకు ఆగిపోతుంది. ఎక్కువసార్లు తప్పు వాల్వు లోపలి రబ్బరు రింగుది, అరిగో చిరిగో ఉంటుంది. వాల్వు దగ్గర మంట వెలుగుతుంటే మాత్రం గ్యాసు ఆపగలమన్న నమ్మకం లేకుండా ఆర్పొద్దు. సిలిండర్‌ని నీళ్ళతో చల్లబరుస్తూ ఉండు. మంట ఆరి గ్యాసు కారుతూ ఉంటే అది నేల మీద పరుచుకుని, కాలవల్లోకి దిగి, గాలిలో 2 శాతం చేరితే చాలు, ఎక్కడో ఉన్న ఫ్రిజ్ రిలే నిప్పురవ్వకి అంటుకుంటుంది. టార్చి బయటే వేసుకుని లోపలికి వెళ్ళు. లోపల ఏ స్విచ్చూ వెయ్యొద్దు, ఆపనూ వద్దు. గ్యాసు లీకు ఫిర్యాదు నంబరు 1906, ఇంటివాళ్ళకి కూడా చెప్పు.

కొత్తబూట్లు:
చాలా థాంక్స్ అన్నా. బెల్టు పౌచ్ ఆలోచన వదిలేశాను. అపార్ట్‌మెంట్ హైడ్రెంట్ల కోసం ఏదైనా పానా ఉండాలా? సంచి ఎలాంటిది కొనాలి?

పంపు దగ్గర:
ఉండాలి. 10 అంగుళాల అడ్జస్టబుల్ పానా ఒకటి. అపార్ట్‌మెంట్ ల్యాండింగ్ వాల్వుల (అంతస్తుల్లో హోస్ తగిలించే వాల్వులు) మీద తిప్పే చక్రం ఉంటే అదృష్టం. ఇనుము కాబట్టి ఎవరో పట్టుకుపోతారు, నలుచదరం స్పిండిల్ (చక్రం బిగించే కడ్డీ) మిగులుతుంది. పానా ఆ స్పిండిల్‌కి. నోరు ఎక్కువ తెరిచి పట్టుకుంటే మూలలు అరిగిపోతాయి, బిగించి పట్టి మెల్లిగా తిప్పు.

వాల్వు మూతి మీది మూత కూడా పోయి ఉంటుంది. అందులో గుట్కా ప్యాకెట్లు, సీసా మూతలు, ఒక్కోసారి రాళ్ళు. హోస్ తగిలించకముందు వాల్వు రెండు క్షణాలు తెరిచి చెత్త బయటికి పోనివ్వు. అది చెయ్యకపోతే చెత్తంతా బ్రాంచ్ (హోస్ కొసన నీళ్ళు చిమ్మే గొట్టం) మూతి దగ్గర అడ్డం పడుతుంది. అప్పుడు పైన మంట ముందు నిలబడి బ్రాంచ్ విప్పాలి. కింద గేటు దగ్గర మన బండి నుంచి నీళ్ళిచ్చే నాలుగు మూతుల ఇన్‌లెట్‌ది కూడా అదే కథ. ముందు టార్చి వేసి చూడు. దానికోసం సంచిలో పొడుగు ముక్కు ప్లేయర్ పెట్టుకో, చేతివేళ్ళు లోపలికి పెట్టొద్దు, పగిలిన సీసా ముక్కలుంటాయి.

హోస్‌లు కలిపే 63 మి.మీ. ఫిమేల్ కప్లింగ్ లోపల పట్టే రబ్బరు వాషర్లు మూడు, చిన్న ప్లాస్టిక్ డబ్బాలో. కప్లింగ్ దగ్గర నీళ్ళు చిమ్ముతుంటే అందరూ హోస్‌ని తిడతారు, తప్పు ఆ వాషర్‌ది. ఎండిపోయో, మడత పడో, అసలు లేకో ఉంటుంది. ఇన్‌స్టాంటేనియస్ కప్లింగ్ (నొక్కగానే పట్టుకునే రకం) విప్పడానికి పానా అక్కర్లేదు, రెండు లగ్గులూ (పక్కనున్న చెవులు) ఒకేసారి బయటికి లాగాలి. రాకపోతే లోపల ప్రెషర్ ఉన్నట్టు. సుత్తి తియ్యకు, ముందు బ్రాంచ్ తెరిచి ప్రెషర్ వదులు.

రోడ్డు ప్రమాదాలకి 10, 13 మి.మీ. పానాలు. కారు బ్యాటరీ టెర్మినళ్ళు చాలావరకు 10తో విడిపోతాయి. నెగెటివ్ ముందు తియ్యాలి. కానీ తీసే ముందు పవర్ విండోలు దించు, డోర్ లాకులు తెరువు, సీటు వెనక్కి జరపాల్సి ఉంటే జరుపు. కరెంటు పోయాక అవేమీ కదలవు. అద్దం పగలగొట్టే పంచ్ పక్క అద్దాలకే, కింది మూలలో కొట్టాలి. ముందు అద్దంలో రెండు పొరల మధ్య ఫిల్మ్ ఉంటుంది కాబట్టి పంచ్‌కి చుక్క పడుతుంది తప్ప రాలదు. కొత్త కార్లలో కొన్నిటికి పక్క అద్దాలూ అలాగే వస్తున్నాయి, మూల మీద లామినేటెడ్ అని రాసి ఉందేమో చూడు.

లిఫ్ట్ తలుపు తెరిచే త్రికోణం తాళంచెవి గురించి అడుగుతారని ముందే చెప్తున్నా. సంచిలో పెట్టుకోవచ్చు, అన్ని లిఫ్టులకీ పట్టదు. లిఫ్ట్ మెయిన్ ఆపకుండా వాడకూడదు. తలుపు అర అడుగే తెరిచి, ఎదురుగా లిఫ్ట్ పెట్టె ఉందా ఖాళీ బావి ఉందా టార్చి వేసి చూడు.

లంగరు:
అన్నీ బాగా చెప్పారు, కానీ ఎవరూ ఉప్పు ఊసెత్తలేదు. విశాఖలో సంచి సామానుకి మంట కంటే ఉప్పుగాలి పెద్ద శత్రువు.

మామూలు ఉక్కు ప్లేయర్‌ని హార్బర్‌లో తడిపి అలాగే సంచిలో వేస్తే వారం తిరక్కుండా ఇరుసు బిగుసుకుపోతుంది. అల్యూమినియం కారాబినర్‌కి (తాడు తగిలించే, స్ప్రింగు గేటున్న కొక్కెం) తుప్పు పట్టదనుకుంటారు. దాని గేటు పిన్ను, స్ప్రింగు ఉక్కువి. ఆ రెండు లోహాలూ ఉప్పునీళ్ళలో కలిస్తే తెల్లటి పొడి కట్టి గేటు సగంలో ఆగుతుంది. సముద్రపు నీళ్ళు తగిలిన రోజు మంచినీళ్ళలో ముంచి, గేటు పదిసార్లు ఆడించి, నీడన ఆరబెట్టి, ఇరుసులో ఒక చుక్క కుట్టుమిషన్ నూనె వేసి తుడిచెయ్. గ్రీజు వద్దు, ఇసుక అంటుకుంటుంది. నూనె చేతులతో వెల్డింగ్ షాపుల ఆక్సిజన్ సిలిండర్ వాల్వు ముట్టుకోవద్దు. ఆటోనగర్ వైపు పని చేసేవాళ్ళు ఇది మరీ గుర్తుంచుకోవాలి. ఒత్తిడి మీదున్న ఆక్సిజన్‌కి నూనె తగిలితే నిప్పురవ్వ లేకుండానే అంటుకుంటుంది. కప్లింగ్ వాషర్లకీ ఈ నూనె వద్దు, రబ్బరు ఉబ్బిపోతుంది.

కారాబినర్ కొనేటప్పుడు వెన్ను మీద బలం కిలోన్యూటన్లలో చెక్కి ఉందా చూడు. లేకపోతే అది తాళాల గుత్తికి పెట్టుకునేది.

కత్తి గురించి నంబర్ 2 గారు ఒక్క ముక్కతో వదిలేశారు. హార్బర్‌కి రంపం పళ్ళున్న కత్తి కావాలి. 2023 నవంబరు 19 రాత్రి ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు ఎలా కాలాయో ఊరంతా చూసింది. పక్కపక్కనే కట్టి ఉంటాయి, ప్రతి దానిలో డీజిల్, వంట గ్యాసు. ఒకటి అంటుకుంటే పక్కదాన్ని విడదీయడానికి లంగరు తాడు కొయ్యాలి. తడిసిన ప్లాస్టిక్ తాడు మీద నున్నటి అంచు జారుతుంది, పళ్ళు పట్టుకుంటాయి. తాడు బిగువుగా ఉంటే దాని వరసలో నిలబడకు, తెగిన కొస కొరడాలా కొడుతుంది.

సొంత తాడు కావాలంటే వన్‌టౌన్‌లో చవగ్గా దొరుకుతుంది, 10 మీటర్లు కొనుక్కో.

నంబర్ 2:
లంగరు గారూ, చివరి మాట ఒప్పుకోను. అక్కడ చవగ్గా దొరికేది పాలీప్రొపిలీన్. నీళ్ళ మీద తేలుతుంది, చేపల పనికి భేష్. కానీ 160 డిగ్రీలు దాటితే కరుగుతుంది, నైలాన్ 6 అయితే 220 దాకా ఆగుతుంది. పైగా తాడు మీద తాడు రాసుకుంటే ఆ వేడికే తెగిపోవచ్చు. సామాను పైకి లాగడానికైతే సరే. మనిషి బరువు మోసే తాడు డిపార్ట్‌మెంట్ ఇచ్చిందే, లాగ్‌బుక్ ఉన్నదే వాడాలి.

లంగరు:
సామాను కట్టడానికే అన్నాను, అది రాయకపోవడం నా తప్పు. అయితే దానికి ఎర్రరంగు టేపు చుట్టి, సంచిలో వేరే అరలో పెట్టు. చీకట్లో వెబ్బింగ్ అనుకుని ఎవరూ తియ్యకుండా.

పంపు దగ్గర:
సంచి సంగతి మిగిలిపోయింది. ఎలక్ట్రీషియన్లు వాడే, నోరు వెడల్పుగా తెరుచుకుని నిలబడే క్యాన్వాస్ సంచి చాలు. 14 అంగుళాల పొడవు మించొద్దు, పెద్దది కొంటే నిండేదాకా కొంటూనే ఉంటావు. జిప్పులు ఉప్పుకి బిగుసుకుపోతాయి, ప్లాస్టిక్ బకిల్ ఉన్నది చూడు. లోపల పని వారీగా సర్ది పెట్టు: కరెంటు, గ్యాసు ఒక పక్క, పానాలు, వాషర్లు ఇంకో పక్క. ఎవడో వచ్చి 'నీ సంచిలోంచి పానా తే' అంటే, తెచ్చేవాడు వెతక్కుండా తేవాలి. ప్రతి అర అడుగున ఆ వస్తువు ఆకారం పెయింట్‌తో గీసుకుంటే, ఏది లేదో షిఫ్ట్ మారేటప్పుడు ఒక్క చూపుతో తెలుస్తుంది.

నైట్రైల్ గ్లౌజులు నాలుగు జతలు, టార్చి బ్యాటరీలు ఒక సెట్టు జిప్ కవరులో. ఆల్కలైన్ సెల్లులు టార్చిలో నెలల తరబడి ఉంచితే కారి స్ప్రింగుని తినేస్తాయి, నెలకోసారి తీసి చూడు. వెతికేసిన గదుల తలుపుల మీద గుర్తుకి మైనం క్రేయాన్. చాక్‌పీసు తడి తలుపు మీద పడదు, జేబులో ముద్దయిపోతుంది.

సంచిని ఇంటికి తీసుకెళ్ళకు. పని అయ్యాక పనిముట్లు గిన్నెలు తోమే సబ్బుతో స్టేషన్‌లోనే కడుగు. ఆ మసిలో ఏమేం ఉంటాయో ఎవరూ లెక్కపెట్టలేరు, పిల్లలున్న ఇంట్లో దానికి చోటు లేదు. వెబ్బింగ్ మీద గాజులా మెరిసే మచ్చ కనిపించినా, ఒకచోట బిరుసుగా తగిలినా అది వేడికి కరిగిన చోటు. కోసి పారెయ్, ముడేసి మళ్ళీ వాడొద్దు.

కొత్తబూట్లు:
రాసుకున్నాను. చివరిది: వెడ్జ్‌లు దుకాణంలో కొనాలా, చేయించుకోవాలా? ఏ చెక్క?

నంబర్ 2:
కొనక్కర్లేదు. టేకు వద్దు, అందులో నూనె ఉంటుంది, తడిస్తే జారుతుంది. దిగుమతి మెషీన్లు వచ్చే ప్యాకింగ్ పెట్టెల పైన్ చెక్క ఆటోనగర్‌లో ఏ షెడ్డు వెనకైనా పడి ఉంటుంది, అడిగితే ఇస్తారు. మెత్తటి చెక్క కాబట్టి బిగించినప్పుడు కాస్త నలిగి పట్టుకుంటుంది. వడ్రంగి చేత అరడజను కోయించుకో, వార్నిష్ వెయ్యనివ్వకు. లావు వైపు రంధ్రం పెట్టించి సుతిలి దారం కట్టు, పైన సందులోంచి లాగడానికి. పోతుంటాయి, ఒక్కో కాల్‌కి ఒకటి రెండు అక్కడే వదిలేసి రావాల్సి వస్తుంది. అందుకే అరడజను.